టేబుల్ సా, తెగిన వేళ్లు, అమెరికా ప్రభుత్వ నియమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రమాదకరమైన కరెంటు పనిముట్ల విషయంలో ప్రభుత్వం ఎంతవరకు కలగజేసుకోవాలి అన్న వాదన అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా ఒక యంత్రం చుట్టూ తిరుగుతోంది. అదే టేబుల్ సా, అంటే చెక్క కోసే బల్ల రంపం. కింది ప్రశ్నలు ఎక్కువగా దాని గురించే. గడ్డి కోసే యంత్రాలు, మేకులు దించే నెయిల్ గన్‌లు, చైన్ సాలు కూడా మధ్యలో వస్తాయి.

ఇన్ని పనిముట్లుండగా టేబుల్ సా మీదే ఎందుకింత గొడవ?

చేత్తో పట్టుకునే సర్క్యులర్ సాలో మనం పట్టుకునేది పిడిని. రంపం కదులుతుంది, చెక్క కదలదు. టేబుల్ సాలో ఇది తిరగబడుతుంది. బ్లేడు బల్ల మధ్యలోంచి పైకి వచ్చి ఒకేచోట తిరుగుతుంటుంది, చెక్కను మన చేతులతో దాని వైపు తోయాలి. అంటే పని జరిగినంతసేపూ చేతులు బ్లేడు దిక్కుకే వెళ్తుంటాయి.

వేగం సంగతి చూడండి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. బ్లేడుకు 40 పళ్లుంటే ఒక్క సెకనులో 2,600కు పైగా పళ్లు ఒకే చోటు మీదుగా దాటిపోతాయి. నొప్పి తెలిసి చెయ్యి వెనక్కి లాక్కునేంత వ్యవధి ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది, వాదన ఇంత ముదరడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం. ఈ గాయాన్ని దాదాపుగా ఆపగలిగే పద్ధతి ఒకటి పాతికేళ్ల కిందటే వచ్చేసింది. అది లేకపోయి ఉంటే ఎవరైనా "ఏం చేస్తాం, ప్రమాదమైన పని" అని ఊరుకునేవాళ్లు.

ఏటా ఎంతమందికి దెబ్బలు తగులుతున్నాయి? ఆ లెక్కలు నమ్మవచ్చా?

వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అంటే సీపీఎస్‌సీ, 2015 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం టేబుల్ సా గాయాలతో ఆస్పత్రుల ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు సుమారు 33,400 మంది. వాళ్లలో 30,800 మందికి తగిలింది బ్లేడే. మామూలు క్లినిక్కుల్లో, డాక్టర్ల దగ్గర కట్టు కట్టించుకున్నవాళ్లను కూడా కలిపితే బ్లేడు గాయాలు ఏటా 54,800 దాకా ఉంటాయని కమిషన్ లెక్కగట్టింది. చికిత్స ఖర్చు, పోయిన పనిదినాలు, పడిన బాధ అన్నీ డబ్బుగా మారిస్తే సమాజం మీద పడే భారం ఏటా 400 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇవి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి తెచ్చిన అంకెలు కావు. దేశం మొత్తంలో సుమారు 100 ఆస్పత్రుల ఎమర్జెన్సీ రికార్డులు తీసుకుని, వాటి నుంచి దేశానికి అంచనా కడతారు. రికార్డులో "రంపం తగిలింది" అని ఉంటే అది టేబుల్ సానా, మరో రంపమా అన్నది ప్రతిసారీ తేలదు. తయారీ కంపెనీలు పట్టుకున్న లోపం ఇదే, అందులో కొంత న్యాయముంది. అయితే అంకెను సగానికి తగ్గించినా అది చిన్న సంఖ్య కాదు.

నియమాలు పెట్టేది ఎవరు? ఓషా కాదా?

ఇద్దరూ ఉన్నారు. ఎవరి పరిధి ఏమిటన్నది చాలామంది కలిపేసుకుంటారు.

సీపీఎస్‌సీ 1972లో వచ్చిన చట్టంతో ఏర్పడింది. దుకాణంలో జనం కొనుక్కునే వస్తువు ఎలా ఉండాలో అది చెబుతుంది. దాని మాట తయారీదారుడికి, దిగుమతిదారుడికి, అమ్మేవాడికి వర్తిస్తుంది. ఓషా, అంటే పనిచోటి భద్రత చూసే సంస్థ, 1970 చట్టంతో వచ్చింది. అది పని ఇచ్చే యజమాని మీద అధికారం ఉన్న సంస్థ. షాపులో యంత్రాలకు గార్డులున్నాయా, పనివాళ్లకు శిక్షణ ఇచ్చారా అని అడుగుతుంది.

ఈ రెండింటి మధ్య ఒక సందు మిగిలిపోయింది. ఇంటి గ్యారేజీలో సరదాకి చెక్కపని చేసుకునే మనిషికి ఓషా వర్తించదు. ఒంటరిగా కాంట్రాక్టులు చేసుకునే వడ్రంగికీ వర్తించదు, ఎందుకంటే అతనికి యజమాని లేడు. వాళ్లను కాపాడాలంటే యంత్రమే తయారయ్యేటప్పుడు సురక్షితంగా తయారవ్వాలి. అందుకే ఈ వాదన అంతా సీపీఎస్‌సీ గుమ్మం ముందు జరిగింది.

వేలు తగలగానే ఆగిపోయే రంపం అంటారు కదా, అది ఎలా పనిచేస్తుంది?

బ్లేడులోకి ఒక చిన్న విద్యుత్ సంకేతం పంపి, దాన్ని ఎలక్ట్రానిక్స్ ఎప్పుడూ గమనిస్తూ ఉంటాయి. ఎండిన చెక్క కరెంటును పెద్దగా లాక్కోదు. మనిషి శరీరం అలా కాదు, చర్మం బ్లేడుకు తగలగానే సంకేతం పడిపోతుంది. వెంటనే ఒక సన్నటి తీగ కాలిపోయి, అది బిగించి పట్టుకున్న స్ప్రింగు విడుదలవుతుంది. అల్యూమినియం దిమ్మ ఒకటి వెళ్లి బ్లేడు పళ్లలో దిగబడుతుంది. బ్లేడు ఆగిపోవడమే కాదు, ఆ తిరిగే ఊపుకే బల్ల కిందికి దిగిపోతుంది. ఇదంతా 5 మిల్లీసెకన్ల లోపు అయిపోతుంది. వేలు ఊడిపోవాల్సిన చోట చిన్న గీత పడుతుంది.

దీన్ని కనిపెట్టిన స్టీవ్ గాస్ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన పేటెంట్ లాయరు, చెక్కపని అతని హాబీ. వేలికి బదులు హాట్‌డాగ్ పెట్టి అతను చూపించిన ప్రదర్శనలు బాగా పేరుపడ్డాయి. మొదట పెద్ద కంపెనీలకు లైసెన్సు ఇవ్వాలనుకున్నాడు. చర్చలు కుదరలేదు. చివరికి సాస్టాప్ పేరుతో సొంత కంపెనీయే పెట్టి 2004 నుంచి రంపాలు అమ్మడం మొదలుపెట్టాడు.

ఒకసారి పనిచేస్తే మళ్లీ వాడుకోవచ్చా? తడి చెక్కకు కూడా ఆగిపోతుందా?

రంపం బాగానే ఉంటుంది. ఆ అల్యూమినియం దిమ్మ ఉండే బ్రేకు కార్ట్రిడ్జ్ మాత్రం పనికిరాదు, బ్లేడు కూడా సాధారణంగా పోయినట్టే. రెండూ మార్చుకోవాలి.

బాగా తడిగా ఉన్న చెక్క, లోపల మేకు దాగి ఉన్న పాత చెక్క, అల్యూమినియం లాంటివి బ్రేకును అనవసరంగా పేల్చే అవకాశముంది. అలాంటి పనులకోసం బైపాస్ పద్ధతి పెట్టారు. బైపాస్‌లో ఉన్నంతసేపు అది మామూలు రంపమే. "ఎలాగూ బైపాస్‌లో పెట్టేస్తారు, ఇక ఇదెందుకు" అని విమర్శకులంటారు. రోజంతా తడి చెక్క కోసే చోట ఆ మాట నిజమవ్వచ్చు. ఇంట్లో అల్మరా చేసుకునేవాడికి ఆ అవసరమే రాదు.

ఇప్పుడు చట్టప్రకారం ప్రతి టేబుల్ సాకూ ఇది ఉండాలా?

అక్కర్లేదు. గాస్, మరికొందరు కలిసి సీపీఎస్‌సీకి పిటిషన్ పెట్టింది 2003లో. కమిషన్ మొదటి బహిరంగ ప్రకటన 2011లో ఇచ్చింది. అసలు ప్రతిపాదన 2017లో వచ్చింది. దానికి అనుబంధ ప్రతిపాదన 2023 నవంబరులో వచ్చింది. పిటిషన్ పెట్టి ఇరవై ఏళ్లు నిండిన 2023లో కూడా ఆ కాగితం మీద "ప్రతిపాదన" అనే ఉండేది.

అంత ఆలస్యం ఎందుకు? లాబీయింగ్ వల్లేనా?

అది ఉంది. పవర్ టూల్ ఇన్‌స్టిట్యూట్ అనే తయారీదారుల సంఘం మొదటినుంచీ గట్టిగా వ్యతిరేకించింది. కానీ అంతా లాబీయింగ్ మీదికి నెట్టేస్తే సగం కథే చెప్పినట్టు. మిగతా సగం చట్టంలోనే ఉంది.

1981లో చట్టాన్ని సవరించి సీపీఎస్‌సీ చేతులు చాలావరకు కట్టేశారు. పరిశ్రమ తనకు తానుగా ఒక స్వచ్ఛంద ప్రమాణం పెట్టుకుని, దానివల్ల ప్రమాదం తగినంత తగ్గి, చాలామంది దాన్ని పాటించేలా ఉంటే, కమిషన్ తన నియమం తేకూడదు. తేవాలనుకుంటే ఆ స్వచ్ఛంద ప్రమాణం ఎందుకు సరిపోదో ముందు రుజువు చేయాలి. నియమం వల్ల వచ్చే లాభం దాని ఖర్చుకు తగినట్టుగా ఉందని చూపాలి. ఉన్న మార్గాల్లో తక్కువ భారమైనది ఎంచుకున్నట్టు కూడా చూపాలి. ప్రతి మెట్టు దగ్గరా కోర్టులో సవాలు ఎదురయ్యే అవకాశం ఉంటుంది.

పరిశ్రమ సరిగ్గా ఈ దారే వాడుకుంది. యూఎల్ 987 అనే స్వచ్ఛంద ప్రమాణాన్ని 2000 దశకంలో సవరించి బ్లేడును కప్పే మెరుగైన గార్డు, బ్లేడు వెనక నిలిచే రైవింగ్ నైఫ్ అనే రేకు తెచ్చారు. తరువాత, "మేం కొత్త గార్డు తెచ్చాం, దాని ఫలితం కనిపించేదాకా ఆగండి" అన్నారు. కమిషన్ ఆగింది. 2004 నుంచి 2015 వరకు గాయాల తీరును పరిశీలిస్తే చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. గార్డును తీసి పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

చట్టప్రకారం కమిషన్‌లో అయిదుగురు సభ్యులు, ఒకే పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు. ఎన్నికలు మారితే మెజారిటీ మారుతుంది. దశాబ్దాలు సాగే ఫైలుకు ఇదొక పెద్ద గండం.

3.5 మిల్లీమీటర్లు అంటున్నారు, ఏమిటది?

ప్రతిపాదిత నియమంలో ఉన్న అసలు షరతు. మనిషి వేలికి బదులు వాడే పరీక్షా పరికరాన్ని తిరుగుతున్న బ్లేడుకు సెకనుకు 1 మీటరు వేగంతో తగిలిస్తే, కోత లోతు 3.5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ వేగంతో వెళ్లే వేలు అంత దూరం పోవడానికి పట్టేది మూడున్నర మిల్లీసెకన్లు. ఆలోపు బ్లేడు ఆగనన్నా ఆగాలి, కిందికన్నా దిగాలి.

అందులో సాస్టాప్ పేరు గానీ, అల్యూమినియం దిమ్మ ప్రస్తావన గానీ లేదు. కమిషన్ చెప్పగలిగేది ఫలితం ఎలా ఉండాలన్నదే. దాన్ని ఏ విధంగా సాధించాలో కంపెనీ ఇష్టం. కాగితం మీద ఇది చాలా న్యాయంగా కనిపిస్తుంది. చిక్కు తరువాతి ప్రశ్నలో ఉంది.

ఇది ఒక కంపెనీకి గుత్తాధిపత్యం కట్టబెట్టడం కాదా?

ఈ వాదన మొత్తంలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించే అభ్యంతరం ఇదే. ఫలితాన్ని ఏ పద్ధతిలోనైనా సాధించవచ్చని నియమం అంటుంది. ఆ పద్ధతులన్నిటి మీదా ఒకరికే పేటెంట్లుంటే అప్పుడేం చేయాలి?

బాష్ కంపెనీ దాదాపు అదే పని చేసే రియాక్స్ అనే రంపం తెచ్చింది. అందులో బ్లేడును ఆపరు, చిన్న పేలుడు గుళికతో కిందికి లాగేస్తారు. కాబట్టి బ్లేడు పాడవదు. నా లెక్కలో అది మెరుగైన ఆలోచన. సాస్టాప్ 2015లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2017లో తీర్పు సాస్టాప్ వైపు వచ్చి, రియాక్స్ దిగుమతి ఆగిపోయింది. ఒకవైపు "ప్రతి రంపానికీ ఈ రక్షణ ఉండాలి" అని ప్రభుత్వాన్ని అడుగుతూ, మరోవైపు ఆ రక్షణ ఉన్న ఇంకో రంపాన్ని దేశంలోకి రాకుండా ఆపిన సంస్థను జనం అనుమానంగా చూశారంటే తప్పేముంది?

2017లోనే సాస్టాప్‌ను ఫెస్టూల్ అనే జర్మన్ పనిముట్ల కంపెనీ మాతృసంస్థ కొనేసింది. 2024 ఫిబ్రవరిలో, కమిషన్ విచారణ జరిగిన సమయంలో, నియమం అమల్లోకి వచ్చిన రోజున నంబరు చివర 840 ఉన్న తన కీలకమైన పేటెంట్‌ను ప్రజలకు వదిలేస్తానని కంపెనీ మాటిచ్చింది. మంచి మాటే. అయితే మిగిలిన పేటెంట్ల సంగతేమిటని ప్రత్యర్థులు వెంటనే అడిగారు.

ధర ఎంత పెరుగుతుంది?

సాదా టేబుల్ సాలు 200 డాలర్ల చుట్టుపక్కల కూడా దొరుకుతూ వచ్చాయి. సాస్టాప్ అమ్మే వాటిలో అన్నిటికంటే చిన్నది 2023 నాటికి దాదాపు 900 డాలర్లు ఉండేది. నియమం వచ్చి అందరూ తయారుచేస్తే ఈ తేడా తగ్గుతుంది, కానీ 200 డాలర్ల రంపం మాత్రం మాయమవుతుంది. ఆ ధర దాటి కొనలేని మనిషి అప్పుడేం చేస్తాడు? సర్క్యులర్ సాను బల్లకు తలకిందులుగా బిగించుకుంటే అది ఇంకా ప్రమాదం. ప్రతిపాదనను సమర్థించేవాళ్లు ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేస్తారు.

రెండో పక్క లెక్క కూడా చూడాలి. వేలు తెగినవాడి ఆస్పత్రి బిల్లు కట్టేది రంపం తయారుచేసిన కంపెనీ కాదు. బీమా, ప్రభుత్వం, ఆ కుటుంబం కలిసి మోస్తాయి. 2017 ప్రతిపాదనలో నియమం వల్ల నికర లాభం ఏటా 62.5 కోట్ల డాలర్ల నుంచి 230 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని కమిషన్ లెక్క చూపింది. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఎడముందో చూస్తే అంచనా ఎంత కష్టమో తెలుస్తుంది.

జాగ్రత్తగా పనిచేస్తే చాలదా? ముప్పై ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు ఏమీ కాలేదే?

ఏమీ కానివాళ్లే ఆ మాట చెప్పడానికి మిగులుతారు, అది వేరే సంగతి. జాగ్రత్త అవసరమే. చెక్కను తోసే కర్ర (పుష్ స్టిక్) వాడాలి, బ్లేడుకు తిన్నగా వెనక నిలబడకూడదు, చెక్కను ఆనించే అంచు (ఫెన్స్) బ్లేడుకు సమాంతరంగా ఉండాలి. కానీ కిక్‌బ్యాక్ వచ్చినప్పుడు జాగ్రత్త పనిచెయ్యదు. చెక్క బ్లేడును నొక్కేసి ఒక్కసారిగా మన మీదికి ఎగిరొస్తే, దాన్ని నొక్కిపట్టిన చెయ్యి ఆధారం లేక బ్లేడు మీదికి జారుతుంది. అనుభవం ఉన్నవాళ్లకూ ఇలాగే జరుగుతుంది.

బ్రేకు ఉంటే కిక్‌బ్యాక్ కూడా ఆగుతుందా?

ఆగదు. అది చర్మాన్ని మాత్రమే గుర్తిస్తుంది. ఎగిరొచ్చిన చెక్క పొట్టకో మొహానికో తగిలితే బ్రేకుకు ఆ సంగతే తెలియదు. దానికి రైవింగ్ నైఫ్ ఉండాలి. బ్లేడు వెనక ఉండే ఈ లోహపు రేకు కోసిన రెండు ముక్కలూ దగ్గరకు వచ్చి బ్లేడును నొక్కకుండా చూస్తుంది. బ్లేడుతోపాటే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి కదలకుండా ఉండే పాత స్ప్లిట్టర్ రేకులాగా ఊరికే అడ్డొస్తోందని పీకి పారేయాల్సిన పని ఉండదు.

కోర్టులు ఏమన్నాయి?

మసాచుసెట్స్‌లో ఫ్లోరింగ్ పని చేసే ఒక వ్యక్తి చెయ్యి 200 డాలర్ల లోపు ధర ఉన్న టేబుల్ సాతో దెబ్బతింది. ఈ రక్షణ అందుబాటులో ఉండి కూడా పెట్టలేదు కాబట్టి డిజైనే లోపమని అతని తరఫు వాదన. 2010లో జ్యూరీ 15 లక్షల డాలర్లు ఇమ్మంది. 2011లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. కంపెనీలకు ఇది పెద్ద టెన్షనే పెట్టింది, కానీ ఒక కేసులో జ్యూరీ మాట అన్ని రంపాలకూ నియమం కాదు. 2012లో కాలిఫోర్నియాలో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే ఆగిపోయింది.

ప్రభుత్వం ఇలాంటి నియమం ఇంతకు ముందెప్పుడైనా పెట్టిందా?

పెట్టింది. వెనక నడుస్తూ తోసే గడ్డి కోత యంత్రాలకు 1982 నుంచి తప్పనిసరి నియమం ఉంది. పిడి మీది మీట వదలగానే బ్లేడు 3 సెకన్లలో ఆగాలి. అప్పుడూ ఖర్చు పెరుగుతుందన్నారు, జనం మీటను తాడుతో కట్టేస్తారన్నారు. కట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయినా యంత్రం కొనేటప్పుడు ఆ మీట గురించి ఈరోజు ఎవరూ వాదించుకోరు.

చైన్ సాల విషయంలో వేరేగా జరిగింది. కిక్‌బ్యాక్ తగ్గించే స్వచ్ఛంద ప్రమాణం 1980 దశకంలో వచ్చింది, కమిషన్ దానితో సరిపెట్టుకుంది. నెయిల్ గన్‌ల మీద ఓషా, పనిచోటి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ కలిసి 2011లో ఒక మార్గదర్శిని వేశాయి. గోడకు ఆనగానే పేలే ట్రిగ్గర్ కంటే వరుసక్రమంలో నొక్కితేనే పేలే ట్రిగ్గర్ వాడమని అందులో సలహా ఉంది. సలహాయే, నియమం కాదు.

యూరప్‌లో ఎలా ఉంది?

అక్కడ కూడా వేలిని గుర్తించే వ్యవస్థ తప్పనిసరి కాదు. కానీ యంత్రాల చట్టం మొదటినుంచీ గట్టిగా ఉంది, పని జరిగే చోట గార్డు, రైవింగ్ నైఫ్ మామూలు విషయాలు. బ్రిటన్‌లో స్విచ్ ఆపాక బ్లేడు 10 సెకన్లలో ఆగాలి. కెమెరాలతో చెయ్యిని చూసి, తగలకముందే బ్లేడును దించేసే ఆల్టెన్‌డార్ఫ్ హ్యాండ్ గార్డ్ లాంటివి కూడా అక్కడే పుట్టాయి. అవి పెద్ద పరిశ్రమల కోసం.

నేను షాపులో పనిచేస్తాను. రంపం నాదే, గార్డు నేనే తీసేశాను. యజమానికి బాధ్యత ఉంటుందా?

ఉంటుంది. పనివాడు సొంతంగా తెచ్చుకున్న పనిముట్లు కూడా సురక్షితంగా ఉండేలా చూడాల్సింది యజమానే అని ఓషా నియమం స్పష్టంగా చెబుతుంది. చేత్తో తోసి నిలువుగా కోసే రంపానికి హుడ్ గార్డు, కోసిన ముక్కలను విడిగా ఉంచే స్ప్రెడర్, చెక్క వెనక్కి ఎగరకుండా ఆపే పళ్లు ఉండాలి. పనిలో ఎవరి వేలైనా తెగిపోతే యజమాని 24 గంటల్లో ఓషాకు తెలియజేయాలి. 18 ఏళ్లు నిండనివాళ్లను సర్క్యులర్ సాల మీద ఉద్యోగానికి పెట్టడం ఫెడరల్ కార్మిక చట్టం ప్రకారం నిషేధం. శిక్షణలో ఉన్న విద్యార్థులకు, అప్రెంటిస్‌లకు పరిమితమైన మినహాయింపు ఉంది.

రంపంలో లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

కంపెనీకి చెప్పండి, సీపీఎస్‌సీకి కూడా చెప్పండి. 2011 నుంచి సేఫర్‌ప్రోడక్ట్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఇతరులు పెట్టినవి చదవవచ్చు. పెద్ద ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిస్తే కంపెనీ కూడా 24 గంటల్లో కమిషన్‌కు తెలపాలి.

రేపు నియమం వచ్చేస్తే నా పాత రంపాన్ని పారేయాలా? అమ్ముకోవచ్చా?

పారేయక్కర్లేదు. ఇలాంటి నియమాలు అమలు తేదీ తరువాత తయారైన యంత్రాలకే వర్తిస్తాయి. వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్క చిక్కు రీకాల్ అయిన, అంటే లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచిన, మోడల్స్‌తోనే. 2008 సవరణ తరువాత రీకాల్ అయిన వస్తువును అమ్మడం చట్టవిరుద్ధం, గ్యారేజ్ సేల్‌లో పెట్టినా అంతే. కాబట్టి బోర్డు పెట్టే ముందు మోడల్ నంబరును కమిషన్ రీకాల్ జాబితాలో ఒకసారి వెతకండి. గార్డు, రైవింగ్ నైఫ్ అటక మీద ఎక్కడో ఉంటే వాటిని కూడా దించి కొనేవాళ్లకు ఇవ్వండి.